యంత్రము ప్రాశ్నికుడైన నృత్యక్రీడ

నృత్యప్రయోగమున ఆడువాడొకడు, చూచువాడొకడు, గుణదోషములను నిర్ణయించువాడు వేఱొకడు. ఈ మువ్వురను భరతుడు నాట్యశాస్త్రమున వేఱువేఱుగా నిలిపి, మూడవవానికి ప్రాశ్నికుడని పేరిడి, ఇరువదియేడవ యధ్యాయమున వాని లక్షణములను విస్తరించి చెప్పెను. గడచిన పాతికేండ్లకు పైగా లోకమున వ్యాపించిన యొక వినోదమునందు ఈ యేర్పాటు తాఱుమాఱైనది. అందు చూచువారు లేకున్నను ఆట సాగును. ఆడువారు నృత్య మెఱిగి యుండ నక్కఱలేదు. నేర్పువాడును, లెక్కించువాడును, తీర్పు చెప్పువాడును ఒక్క యంత్రమే. వీనిని నృత్యక్రీడలని వ్యవహరించుచున్నారు.

తెలుగుశాఖవారి పత్రికలో ఈ ప్రసంగమేల యని శంకించువారుందురు. యంత్రమునకు తెలిసిన నృత్యము ఒక లిపి మాత్రమే. లిపిబద్ధమైన దానికిని, ప్రయోగమునకును గల సంబంధము మన శాస్త్రవిచారమున చిరకాలముగా నున్న ప్రశ్న. గణములు సరిపోయినంత మాత్రమున పద్యము కవిత్వమగునా యని మన తరగతులలో అడుగుచున్నదానినే ఇచట కాళ్లను గూర్చి అడుగవలసి వచ్చుచున్నది. పాదశబ్దము రెండు చోట్లను చెల్లుట కేవలము శ్లేష కాదని పాఠకులు ముందు ముందు గ్రహింతురు. యంత్రము దేనిని లెక్కించుచున్నది, దేనిని లెక్కింపజాలకున్నది అను విభాగమును బట్టియే ఈ క్రీడల విలువను నిర్ణయింపవలయునని మా యభిప్రాయము. లెక్కకు రాని చోటనే వానిలో నృత్యము పుట్టినదని చూపుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

క్రీడల పుట్టుపూర్వోత్తరములను దీర్ఘముగా చెప్ప బనిలేదు. నేలపై పఱచిన మీటల చాపను త్రొక్కి తెరపై బొమ్మను పరుగెత్తించు ఆటలను జపానులోని బండాయి సంస్థ 1980ల దశకముననే అమ్మెను. 1996లో ‘పరాప ద రాపర్’, 1997లో కొనామి సంస్థవారి ‘బీట్‌మేనియా’ వెలువడి, పాట నడకకు తప్పక మీటలు నొక్కుటయే ఆటగా గల యొక జాతిని నెలకొల్పినవి. 1998లో అదే సంస్థ ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’ అను యంత్రమును ఆటశాలలలో నిలిపినది. వ్రేళ్ల పనిని కాళ్లకు బదలాయించుటయే అందలి క్రొత్తదనము. 1999లో కొరియా దేశమునందలి ఆండమిరో సంస్థ ‘పంప్ ఇట్ అప్’ అను పోటీ యంత్రమును తెచ్చి, నాలుగు పలకలకు మాఱుగా ఐదింటిని, అనగా నాలుగు మూలలను ఒక నడిమి పలకను, ఏర్పఱచినది.

కొనామివారి యంత్రము నెఱుగనివారికై దాని రూపమును కొంచెము వర్ణింతుము. లోహపు వేదికపై నడుమ నిలుచు చోటు, దానికి ముందు, వెనుక, కుడి, ఎడమలందు నాలుగు పలకలు, వెనుక నొక కమ్మీ, ఎదుట తెర. పాట మొదలుకాగానే తెర యడుగునుండి బాణపుగుర్తులు పైకి లేచుచుండును. తెర పైభాగమున కదలక నిలిచిన నాలుగు గుర్తులున్నవి. లేచునది నిలిచినదానితో కలిసిన క్షణమున ఆ దిక్కు పలకను త్రొక్కవలయును. క్షణమును పట్టినచో ‘పర్ఫెక్ట్’, కొంచెము జాఱినచో ‘గ్రేట్’, ఇంకను జాఱినచో ‘గుడ్’, పిమ్మట ‘బూ’, బొత్తిగా తప్పినచో ‘మిస్’ అని తెర యప్పటికప్పుడు తీర్పు చెప్పును. తప్పులు పెరిగినకొలది తెరపై నొక పట్టె తఱుగుచు వచ్చి, అది యడుగంటినచో పాట నడుమనే ఆట ముగియును. సంగీతసభలో గాయకుడు శ్రుతి తప్పినచో సభవారు నొచ్చుకొందురే గాని పల్లవి నడుమ వానిని వేదికనుండి దింపివేయరు. ఈ యంత్రము దింపివేయును.

ఇక లిపి మాట. నృత్యమును కాగితముపై పెట్టు యత్నములు క్రొత్తవి కావు. ఫ్రాన్సున ఫోయే 1700లో, జర్మనీలో లాబాన్ 1928లో తమ తమ లిపులను ప్రకటించిరి. అమెరికాలో ఆర్థర్ మర్రే 1920ల దశకమున పాదముద్రల బొమ్మలను తపాలాలో పంపి ఇంటింట నృత్యపాఠములు నడపెను. వీరందఱి లిపులలోను ఒక సామాన్యధర్మము కలదు. ఏ కాలు కదలవలయునో అవి చెప్పును. లాబాన్ లిపిలో ఎడమకు కుడికి వేఱువేఱు నిలువు గీతలున్నవి. మర్రే పాదముద్రలలో కుడి యెడమల భేదము కంటికే తెలియును. కొనామివారి లిపి అట్లు చెప్పదు. ఎచట, ఎప్పుడు అను రెంటిని మాత్రమే చెప్పి, ఏ కాలితో అను దానిని విడిచిపెట్టినది. కారణము లిపికర్తల యౌదాసీన్యము కాదు. పలక క్రింద నున్న సెన్సరు తనపై బరువు పడినదా లేదా యని మాత్రమే యెఱుగును. ఆ బరువు కుడికాలిదో ఎడమకాలిదో, మోకాలిదో మోచేతిదో దానికి తెలియదు. తీర్పరికి తెలియని దానిని శాసనము విధింపలేదు.

ఈ లిపి స్వరూపము పరిశోధకులకు ఆసక్తి గొలుపును. ఔత్సాహికులు వ్యాపింపజేసిన ‘స్టెప్‌మేనియా’ అను ఉచిత సాఫ్ట్‌వేరునందు అడుగుల పట్టిక కేవలము అంకెల పంక్తులుగా నుండును. ఒక్కొక్క పంక్తికి నాలుగు స్థానములు: వరుసగా ఎడమ, వెనుక, ముందు, కుడి. త్రొక్కవలసిన చోట 1, వలదన్న చోట 0. కాబట్టి 1000 అనిన ఎడమ పలక; 0001 అనిన కుడి పలక; 1001 అనిన రెండును ఒక్కమాఱు. అదిమిపట్టి నిలుపవలసిన యడుగునకు 2 మొదలు, 3 తుది. నాలుగు మాత్రల ఆవర్తమునకు నాలుగు పంక్తులు వ్రాసిన మాత్ర కొకటి చొప్పున నడచును. ఎనిమిది లేక పదునాఱు వ్రాసిన నడక రెట్టింపగుచు పోవును. పండ్రెండు వ్రాసినచో మన వారి తిశ్రగతి యగును. ఛందస్సు చదివినవారికి ఇది ప్రస్తారమువలె తోచుట సహజము. నాలుగు స్థానములు, స్థానమునకు రెండు గుర్తులు. ప్రస్తరించినచో నాలుగక్షరముల వృత్తమునకు వచ్చినట్లే పదునాఱు రూపములు వచ్చును. అందు కదలిక లేనిది ఒకటి, ఏకపాదములు నాలుగు, ద్విపాదములు ఆఱు. మనుష్యునకు కాళ్లు రెండే గాన, పలక కొక కాలు చొప్పున, పదునొకండే సాధ్యములు. మిగిలిన యైదింటికి చేయి నేల కానింపవలసియుండును. ఉత్సాహవంతులగు పట్టికాకర్తలు వానినిగూడ విడువలేదు!

లిపి మౌనము వహించిన చోట ఆటగాడేమి చేయుచున్నాడు? ఎడమ, వెనుక, కుడి అను మూడు అడుగులు వరుసగా వచ్చినవనుకొందము. ఎడమకాలితో మొదలిడి కాళ్లను మార్చి మార్చి వేసినచో, రెండవ యడుగు కుడికాలిది, మూడవది మరల ఎడమకాలిది కావలయును. ఎడమకాలు కుడి పలకను చేరవలెనన్న నడుము తిరుగక తప్పదు. అంకెలలో ఎచటను వ్రాయబడని యొక మలుపు దేహమున పుట్టినది. సోమరియైన ఆటగాడు మూడవ యడుగునకు గూడ కుడికాలినే ఈడ్చి పని గడుపుకొనును. యంత్రము ఇరువురకు ఒకే ‘పర్ఫెక్ట్’ నిచ్చును. మంచి పట్టికాకర్త యనిపించుకొన్నవాడు ఆ మలుపును మనసులో నుంచుకొనియే అంకెలను కూర్చును. ఏ కాలు మొదలైనచో దేహమెటు తిరుగునో, ఏ తిరుగుడు తరువాత ఏ గెంతు సుఖముగా నుండునో ఆలోచించును. చెడ్డ పట్టికాకర్త స్వరమునకొక అంకె తగిలించి, అడుగుల సంఖ్యను పెంచి, కష్టమునే గొప్పతనమనుకొనును. ఇరువురి పంక్తులును చూపునకు ఒకే తీరుగ నుండును. త్రొక్కి చూచినగాని భేదము తెలియదు. పద్యమును కంటితో చదివి గణములు వేసికొనువానికిని, ఎలుగెత్తి చదివి నడక తెలిసికొనువానికిని గల యంతరము వంటిదే ఇదియును.

ఈ మౌనమునుండియే ఆటగాండ్రలో రెండు సంప్రదాయము లేర్పడినవి. ఒక సంప్రదాయమువారు లెక్కను పట్టుకొనిరి. కఠినమైన పట్టికలు సెకనునకు అనేకములైన యడుగులను కోరును. వానిని సాధించుటకై వీరు వెనుక కమ్మీని రెండు చేతులతో పట్టుకొని, బరువంతయు దానిపై నానించి, నడుముపైభాగమును కదపక కాళ్లను మాత్రమే మిక్కిలి పొదుపుగా ఆడింతురు. సాధన మెచ్చదగినదే. దానిని చూచినవాడు మాత్రము నృత్యమని యనుకొనడు. రెండవ సంప్రదాయమువారు ఫ్రీస్టైల్ అను పేర, తమకు చేతనైనదానికంటె సులభమైన పట్టికను ఏఱుకొని, దానిని కంఠస్థము చేసి, తెరకు వీపు పెట్టి చుట్టు మూగినవారి వైపు తిరిగి ఆడిరి. ఒక పలకను మోకాలితో, ఒక పలకను అరచేతితో తాకి, గిరికీలు కొట్టి, లేచి, పాట భావమునకు చేతులతో అభినయము చేసిరి. ఈ శతాబ్ది తొలియేండ్లలో జరిగిన వీరి పోటీలలో తీర్పరులు మనుష్యులే. యంత్రపు లెక్కకు అచట స్థానముండినను అది యర్హతను చూపు మాత్రపుదే.

తెరకు వీపు పెట్టుట యనునది మా దృష్టిలో ఈ క్రీడాచరిత్ర కంతటికి ముఖ్యమైన ఘట్టము. గుర్తులను చూపుటకే పుట్టిన యంత్రము. ఆ గుర్తులను చూడకుండ ఆడుట వలన ఆటగాడు చదువరి స్థితినుండి ప్రయోక్త స్థితికి వచ్చినాడు. జొఆనా డీమర్స్ 2006లో ప్రకటించిన తన వ్యాసమునకు పేరు పెట్టుచు దీనిని సైబర్నెటిక్ నృత్యమనెను. యంత్రమును మనిషియు ఒక వలయమున చిక్కి పరస్పరము నడుపుకొనుట యను నర్థమున ఆ మాట కమ్మీ పట్టినవారికి చక్కగా అన్వయించును. ఫ్రీస్టైల్‌వారికి అన్వయింపదు. వారు వలయమును తెంపినవారు కారు గాని, దాని నొక తాళముగా వాడుకొని బయట నిలిచినవారు. తాళము వేయువాడు నర్తకుని చేతులవైపు చూడనక్కఱలేదు గదా!

2006లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమువారు తమ 765 ప్రభుత్వపాఠశాలలలోను ఈ క్రీడను వ్యాయామమునకై ప్రవేశపెట్టుటకు సంకల్పించిరి. స్థూలకాయము తగ్గించుట దాని యుద్దేశము. వ్యాయామముగా దాని ప్రయోజనమును మేము కాదనము. ప్రస్తుతవిచారమున కది యక్కఱలేదు.

లెక్కింపబడు నవయవము మాఱినపుడు ఏమగునో చూపుటకు తరువాతి రెండు క్రీడలను పరిశీలింతుము. 2009లో ఉబిసాఫ్ట్ సంస్థ ‘జస్ట్ డాన్స్’ను వెలువరించినది. అది నింటెండో వారి ‘వీ’ యంత్రమున కుద్దేశింపబడినది. ఆటగాడు ఒక చిన్న మీటలకట్టను కుడిచేత పట్టుకొని తెరపై నర్తకుని అనుకరించును. కట్టలోని సెన్సరు చేతి విసురును మాత్రము కొలుచును. కాళ్లు, నడుము, తల, ఎడమచేయి యంత్రమున కేమియు తెలియవు. సోఫాపై కూర్చుండి కుడిచేతిని మాత్రము తగినట్లు ఊపినవాడును మంచి గణనమునే పొందవచ్చును. ఈ లోపమును విమర్శకులు మొదటనే యెత్తిచూపిరి. ఐనను ఆ క్రీడ యేటేట క్రొత్తభాగముతో వెలువడుచు, 2019లో విడుదలైన భాగము వఱకును అదే పాత యంత్రమున గూడ అమ్ముడుపోయినది. లోపమని యెంచబడినది ఆదరణకు అడ్డుకాలేదు. ఎందుచేత?

కారణము దాని తెరలోనే యున్నది. నర్తకుడు అద్దములోని ప్రతిబింబమువలె ఎదురుగా నిలుచును. కాబట్టి చూచువాడు తన కుడి యెడమలను తిరుగవేసికొన నక్కఱలేదు. యంత్రము కొలుచు చేతికి ఎదురైన చేతికి రంగు తొడుగు వేసి చూపిరి. తొలిభాగములలో నర్తకుల ముఖములు కన్నుముక్కు తీరు తెలియకుండ తెల్లగా చెరిపివేయబడినవి. ముఖము లేని నర్తకుని చోట ఎవరి ముఖమునైనను నిలుపుకొనవచ్చును. పాత్రకు ముఖ మీయని యీ పద్ధతి సాత్త్వికాభినయమును పూర్తిగా వదలుకొన్నదని మేమనక తప్పదు. కాని ఇంటిలో అమ్మమ్మయు మనుమరాలును ప్రక్కప్రక్క నిలిచి నవ్వుచు ఆడుటకు అదియే అనుకూలమైనది. యంత్రము ఎక్కువ చూచినచో ఎక్కువ తప్పులు పట్టును. తప్పులు పట్టబడునను భయమున్న చోట ఇట్టి గోష్ఠి జరుగదు. దాని మందదృష్టి ఒక యౌదార్యముగా పరిణమించినది. కాళ్లను ఆడించుట ఆటగాని యిష్టము. అయినను కాళ్లు నిలిపి చేయి మాత్ర మూపువారు తక్కువ. లెక్క లేకున్నను జనులు ఆడుచున్నారన్నచో ఆ కదలిక లెక్కకై చేసినది కాదు గదా!

2010లో హార్మొనిక్స్ సంస్థ ‘డాన్స్ సెంట్రల్’ను మైక్రోసాఫ్ట్ వారి ‘కినెక్ట్’ కెమెరాకై నిర్మించినది. ఇందు చేత పట్టుకొనదగిన దేదియు లేదు. ఎదుటనున్న కెమెరా దూరమును కూడ కొలిచి, ఆటగాని దేహమున ఇరువది కీళ్ల స్థానములను గుర్తించును. తప్పిన యవయవము తెరపై నర్తకుని దేహమున ఎఱ్ఱగా వెలుగును. కష్టమైన గతిని విడదీసి, మందలయలో నేర్పి, పిమ్మట వేగమునకు తెచ్చు అభ్యాసపద్ధతియు కలదు. గురువుగా చూచినచో ఈ మూడు క్రీడలలో ఇదియే ఉత్తమము. మన నాట్యాచార్యులు అడవులను విళంబమున మొదలిడి మూడు కాలములలో చేయించు క్రమమునకు ఇది దూరము కాదు. అయితే ఈ క్రీడను నిర్మించినవారే పాట నడుమ కొంతసేపు లెక్కను ఆపివేసి, ఆటగాని నీడను తెరపై చూపి, వాని యిష్టమువచ్చినట్లు ఆడుమని విడిచిరి. దేహమునంతటిని చూడగల యంత్రమును తెచ్చుకొనినవారు సైతము కొంతసేపు దానిని కన్ను మూసికొనుమనవలసి వచ్చినది. చాలమంది ఆ ఘట్టమున ఏమి చేయవలయునో తోచక ఊరకే నిలిచిపోవుట గూడ గమనింపదగినదే. పూర్తిగా చూపబడిన నృత్యమును పూర్తిగా అనుకరించుటకు అలవడినవానికి స్వేచ్ఛ హఠాత్తుగా ఇచ్చిన ఫలమిది. కొనామివారి క్రీడలో స్వేచ్ఛ కొక స్థలము వేఱుగా కేటాయింపబడలేదు. ప్రతి యడుగు నడుమను అది యుండినది.

కిరి మిల్లర్ 2017లో వెలువరించిన ‘ప్లేయబుల్ బాడీస్’ అను గ్రంథము ఈ రెండు క్రీడలపై వెలువడిన సమగ్రమైన పరిశోధన. ఇతరులు చూడని గదిలో, తమవి కాని నడకలను, స్త్రీపురుషభేదముతో లోకము ముడిపెట్టిన విలాసములను, జనులు తమ దేహమున ధరించి చూచుకొను నవకాశమును ఆమె చక్కగా నిరూపించినది. ఆమెతో మాకు వివాదము లేదు. కాని గది రహస్యముగా నుండుట యొక్కటియే ఆ యవకాశమునకు కారణమనుట చాలదు. గదిలో నున్న యంత్రము గూడ కొంత గ్రుడ్డిదై యుండవలయును.

కినెక్ట్ ఉత్పత్తిని 2017లో మైక్రోసాఫ్ట్ నిలిపివేసినది. 2019లో హార్మొనిక్స్ వారు అదే పేరుతో నెత్తికి తొడుగుకొను తెరకై వెలువరించిన క్రీడ తల కదలికను, రెండు చేతుల కదలికలను మాత్రమే గ్రహింపగలిగినది. ఇరువది కీళ్లనుండి మూడు స్థానములకు దిగినారన్నమాట. కాళ్లు మరల చీకటిలో పడినవి. ఆ కెమెరాను నమ్ముకొన్న పాఠములు దానితోడనే మూలబడుచుండగా, నాలుగు స్థానముల అంకెల పంక్తులను మాత్రము ఔత్సాహికులు నేటికిని వ్రాయుచు, మార్చుకొనుచు, చాపపై త్రొక్కుచున్నారు. స్వల్పముగా చెప్పు లిపి దీర్ఘకాలము నిలిచినది. తాళపత్రములను పరిష్కరించువారికి ఇందు వింత యుండదు.

ఇప్పుడు భరతుని ప్రాశ్నికుల కడకు వత్తము. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్విద్య నెఱిగినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాంధర్వవేత్త, రాజసేవకుడు అని భరతుడు పదుగురను పేర్కొనెను. యజ్ఞఘట్టమును యజ్ఞవేత్తయే నిర్ణయింపవలయును. వృత్తములను ఛందోవేత్త, పఠనమును శబ్దవేత్త, కామోపచారమును వేశ్య, స్వరతాళములను గాంధర్వవేత్త. దోషములను వ్రాసికొనుటకు లేఖకులును, లెక్కించుటకు గణకులును వీరికి సహాయులు. లెక్కను భరతుడు తిరస్కరింపలేదని దీనివలన తెలియుచున్నది. తిరస్కరింపకపోవుటయే గాక, దాని కొక యుద్యోగిని నియమించెను. కాని గణకుని ప్రాశ్నికుని చేయలేదు. ఛందోవేత్తకు అధికార మిచ్చుచునే, అతని ప్రక్కన తొమ్మండుగురను కూర్చుండబెట్టెను. మా విచారమున నృత్యక్రీడల లోపము యంత్రము లెక్కించుట కాదు. గణకుడు తక్కిన పీఠముల నన్నింటిని ఆక్రమించుట.

ఆక్రమించుట యను మాట అతిశయోక్తి కాదు. మానుషసిద్ధిని భరతుడు వాఙ్మయి, శారీరి యని రెండుగా విభజించి, ప్రేక్షకుల చిఱునగవు, నవ్వు, మెచ్చుమాట, కలకలము మొదలగువానిని మొదటిదానిలోను, పులకింత, లేచి నిలుచుట, ఉంగరములను వస్త్రములను విసరుట మొదలగువానిని రెండవదానిలోను చేర్చెను. కొనామి యంత్రమునందు ఒక కంఠము ఆటగానిని మధ్యమధ్య పొగడుచు, హెచ్చరించుచు నుండును. జనుల హర్షధ్వానములు గూడ ముద్రించి యుంచబడినవి. అడుగులు కుదిరినచో చప్పట్లు వినవచ్చును. వాఙ్మయిసిద్ధియు లెక్కను బట్టియే యంత్రమున పుట్టుచున్నది. శారీరిసిద్ధిని మాత్రము అది చేయజాలదు. పోటీలలో ఫ్రీస్టైల్‌వారి చుట్టు మూగినవారు లేచి అఱచుట చూచినచో, ఆ పీఠము ఇంకను మనుష్యులదే యని తెలియును.

న్యాయస్థానములలో గూడ ఈ విచారము వేఱొక రూపమున వచ్చినది. ‘ఫోర్ట్‌నైట్’ అను యుద్ధక్రీడలో బొమ్మలచే ఆడించు నొక చిన్న నృత్యము తన రచననుండి గ్రహింపబడినదని నృత్యరచయిత కైల్ హనగామి 2022లో ఎపిక్ గేమ్స్ సంస్థపై వ్యాజ్యము వేసెను. క్రింది న్యాయస్థానము నృత్యమును విడివిడి భంగిమలుగా విడదీసి, విడి భంగిమలకు రక్షణ లేదని కొట్టివేసినది. 2023లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చి, నృత్యమును భంగిమలకు కుదించుట సంగీతమును స్వరములకు కుదించుట వంటిదని చెప్పి, కూర్పు, కాలము, గమనము, వేగము మొదలగునవి గూడ పరిశీలింపదగినవని నిర్ణయించినది. కరణములు నూటయెనిమిది యని లెక్కించిన భరతుడును కరణముల కలయికచే అంగహారములు పుట్టునని వేఱుగా చెప్పవలసివచ్చినది. అమెరికా న్యాయమూర్తులు నాట్యశాస్త్రము చదివియుండరు. విషయము బలవంతముగా ఆ దారినే పట్టించును.

మనకు దీనితో పని యెచట? ఇట్టి సెన్సరులతో మన కోలాటమును గ్రహించి భద్రపఱుపరాదా, యంత్రక్రీడగా పిల్లలకు నేర్పరాదా యను ప్రశ్న జానపదకళలపై పని చేయు విద్యార్థులనుండి వినవచ్చుచున్నది. ప్రశ్న మంచిది. మన జానపదగేయసంకలనములలో చాల వఱకు పాట యున్నది, అడుగు లేదు. పాడినవారి మాటలు కాగితమున కెక్కినవి, ఆడినవారి కాళ్లు ఎక్కలేదు. జాయపసేనాని పదుమూడవ శతాబ్దిలో నృత్తరత్నావళిని వ్రాయుచు నాలుగధ్యాయములను దేశినృత్తములకు కేటాయించి, దండరాసకము వంటివానిని శాస్త్రమున చేర్చెను. దండము చేబూని ఆడు ఆటను అంతటి సేనాని పట్టించుకొనగా, కెమెరాలు చేతనుండియు మనము ఊరకుండుట తగదు.

కాని దేనిని లెక్కింపవలయును? కోలాటమున తీర్పరి ఎదుటివాని కోల. కోలకు కోల తగిలినచో అడుగు సరి. తగులకున్నచో వ్రేళ్లకు తగులును. ‘మిస్’ అను తీర్పు అచట నొప్పిగా తెలియును. ఇంతవఱకు కొనామి పలకకును దీనికిని పోలిక కుదురును. ఆ తరువాత కుదురదు. ఎదుటివాడు కొంచెము వెనుకబడినచో నేర్పరియైన ఆటగాడు తన కోలను లిప్తపాటు ఆపి, వాని కోల కందించి, మరుసటి దెబ్బకు వానిని మరల లయలోనికి లాగుకొనివచ్చును. నాయకుడు కోపు మార్చుమని కేక వేసినపుడు చుట్టంతయు ఒక్క క్షణము తడబడి సర్దుకొనును. జడకోలాటమున నైనచో ఒకని తప్పు త్రాళ్ల యల్లికలో కనబడును. దానిని విప్పుటకు అందఱును వెనుకకు నడువవలసియుండును. ఈ సర్దుబాటులన్నియు యంత్రపు గడియారము ననుసరించి దోషములే. మందకొడివాని కొఱకు ఆగిన నేర్పరికి ‘పర్ఫెక్ట్’ పోయి ‘గుడ్’ వచ్చును.

కావున ఈ పనికి పూనుకొనువారికి మాకు తోచిన పద్ధతిని చెప్పుదుము. పాటకును కోలకును గల యెడమును కొలిచి ఊరకుండరాదు. జతగానున్న ఇరువురి కోలలకును సెన్సరు లమర్చి, ఒకరి దెబ్బకు మఱొకరి దెబ్బకు గల యెడమును గూడ ప్రతి యావర్తమునకు వ్రాసికొనవలయును. అట్లు వ్రాసినపుడే ఎవడు తప్పెనో, ఎవడు ఎదుటివానికై ఆగెనో వేఱుపఱుప వీలగును. ఆగినవాని యెడము మరుసటి దెబ్బకు తఱుగును, తప్పినవానిది తఱుగదు. నాయకుని కేకలను, కోపుల పేర్లను ఆ యా ఊరివారు పలికినట్లే పట్టికలో చేర్చవలయును. కాలి విషయమున మాత్రము కొనామివారి మౌనమునే పాటించుట మేలు. ఊరూరికి అడుగు వేఱు గాన, ఒక ఊరి అడుగును లిపిలో బిగించినచో తక్కిన యూళ్లవారి యాట తప్పుగా లెక్కింపబడును. ఇట్టి పట్టిక నొక్కదానిని, ఒక్క బృందమునకు, ఒక్క కోపునకు సిద్ధము చేయుటకే ఒక పరిశోధకునకు కొన్ని మాసములు పట్టును. ఒక ప్రక్కన ఆ కోలల దెబ్బలను, ఒక ప్రక్కన పాటలోని గురులఘువులను నిలిపి చూచినచో, మన గేయఛందస్సును గూర్చి ఇప్పుడు ఊహగా చెప్పుచున్నవి కొన్ని తేలవచ్చును.